ఒక పాటకు ఒకే యజమాని: పాత సింథ్, రాక్ గిటార్ కలిసిన ఒక తొలి ఆల్బమ్ కేస్ స్టడీ

ఇది ఒంటి మనిషి చేసిన ఆల్బమ్. గిటార్, బేస్, సింథసైజర్, డ్రమ్ ప్రోగ్రామింగ్, రాయడం, పాడటం అన్నీ ఆ అమ్మాయే. తొమ్మిది పాటలు, మొత్తం 38 నిమిషాలు. 1980ల మొదటి సంవత్సరాల ఎలక్ట్రానిక్ సౌండ్, దానికి తోడు గట్టిగా డిస్టార్షన్ పట్టిన (కావాలని గరుకుగా చీలేలా చేసిన) రాక్ గిటార్, రెండూ ఒకే పాటలో ఉండాలన్నది ఆమె పట్టుదల. నాకు అప్పజెప్పింది మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డైన ట్రాకులను ఒక పాటగా కలపడం. పని మొదలయ్యాక ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలన్న అరేంజ్‌మెంట్‌లో కూడా చేయి పెట్టక తప్పలేదు. పేర్లు వద్దంది కాబట్టి ఆమె పేరూ, ఆల్బమ్ పేరూ ఇక్కడ రాయడం లేదు.

సెషన్లు తెరిచి ఒక్కో ట్రాక్ విడిగా వింటే వంక పెట్టడానికి లేదు. ప్యాడ్ (వెనక పరుచుకునే పొడవైన సింథ్ స్వరాలు) హాయిగా ఉంది, గిటార్ వింటే ఒళ్లు జలదరిస్తుంది, స్నేర్ డ్రమ్ దిట్టంగా ఉంది. అన్నీ కలిపి పెడితే మాత్రం పల్లవి దగ్గర పెరగాల్సిన పాట కుంచించుకుపోతోంది. ట్రాకులు పెరిగినకొద్దీ సౌండ్ చిన్నదవుతోంది. ఈక్వలైజర్‌తో అక్కడో చెంచా ఇక్కడో చెంచా తీసేస్తే తగ్గే జబ్బు కాదిది.

ఒంటరిగా పనిచేసేవాళ్ల దగ్గర ఇది తరచూ చూస్తుంటాను. బ్యాండ్‌లో గిటారిస్టు రెచ్చిపోతుంటే కీబోర్డు వాయించేవాడు ఎక్కడో ఒకచోట విసుగొచ్చి చేతులు తీసేస్తాడు. ఆ విసుగే సగం అరేంజ్‌మెంట్. ఇక్కడ ఇద్దరూ ఒకరే. గిటార్ రికార్డు చేసిన రాత్రి గిటారే హీరో, సింథ్ రికార్డు చేసిన రాత్రి సింథే హీరో. అడ్డం చెప్పేవాళ్లు గదిలో లేరు. ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చినట్టు ప్రతి పాటా తయారైంది.

యజమాని ఎవరు?

మొదట చేసిన పని మిక్సింగ్ కాదు. ప్రతి పాటలో గొంతు ఉంచి, మిగతా అంతా మ్యూట్ చేసి, ఒకసారి గిటార్‌తో, ఒకసారి సింథ్‌తో విన్నాం. దేనితో విన్నప్పుడు పాట పాటలా నిలబడిందో అదే ఆ పాటకు యజమాని. నడక దాని చేతిలో ఉంటుంది. రెండోది అతిథి: వస్తుంది, తన మాట చెబుతుంది, వెళ్లిపోతుంది. ఐదు పాటలు సింథ్‌కు పోయాయి, మూడు గిటార్‌కు. ఆరో పాట దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు.

"గిటార్ అతిథి అయితే ఇక రాక్ ఎక్కడుంది అన్నా?" అంది. న్యాయమైన ప్రశ్నే. వాదించడం మానేసి రెండో పాట పల్లవిని రెండు రకాలుగా చేసి, లౌడ్‌నెస్ సమానం చేసి వినిపించాను. ఒకదాంట్లో గిటార్ మొదటి చరణం నుంచీ ఉంది, ఇంకోదాంట్లో పల్లవిలోనే మొదటిసారి వస్తుంది. గిటార్ లెవెల్ రెంటిలోనూ ఒకటే. రెండోదాంట్లో గిటార్ పెంచానా అని అడిగింది. ఆ తర్వాత ఈ విషయంలో పెద్దగా గొడవ రాలేదు.

గాంధారం గిటార్‌కు వద్దు

ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన నిర్ణయం ఇదే. ఆమె చాలాచోట్ల సింథ్ మీద వాయించిన కార్డ్‌నే (ఒకేసారి మోగే స్వరాల గుంపు) గిటార్ మీద కూడా పూర్తిగా, డిస్టార్షన్‌తో వాయించింది. శుభ్రమైన గిటార్‌కైతే ఇబ్బంది లేదు. డిస్టార్షన్ ఉంటే రెండు స్వరాలు ఆంప్‌లో కలిసి కొత్త స్వరాలను పుట్టిస్తాయి. ఆ రెండు ఫ్రీక్వెన్సీల మొత్తం, వాటి తేడా రెండూ వినబడతాయి.

లెక్క చూడండి. షడ్జం 110 హెర్ట్జ్ అనుకుంటే పంచమం దాదాపు 165. వాటి తేడా 55, అంటే సరిగ్గా కింది స్థాయి షడ్జం. అందుకే షడ్జ పంచమాలు మాత్రమే ఉన్న పవర్ కార్డ్ డిస్టార్షన్‌లో ఇంకా లావుగా, గంభీరంగా వినబడుతుంది. అదే అంతర గాంధారం తీసుకుంటే, ఇప్పటి కీబోర్డు శ్రుతిలో అది 138.6. తేడా 28.6. కింది షడ్జం ఉండాల్సింది 27.5 దగ్గర. దగ్గరే కానీ అది కాదు, కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగానికి పైగా తప్పిన స్వరం అది. కార్డ్‌లో మూడు నాలుగు స్వరాలు పట్టుకుంటే ఇలాంటి తప్పుడు స్వరాలు గుంపుగా పుట్టి గరగరలాడతాయి. వింటున్నవాళ్లు దీన్ని 'గిటార్, సింథ్ శ్రుతి కలవలేదు' అనుకుంటారు. ఆమె కూడా అదే అనుకుని ఎన్నోసార్లు ట్యూన్ చేసుకుంది. రెండు వాద్యాలూ శ్రుతిలోనే ఉన్నాయి.

కాబట్టి గిటార్ పార్టుల్లో గాంధారం తీసేయించాం. డిస్టార్షన్ ఉన్నచోటల్లా షడ్జమం, పంచమం మాత్రమే. పాట సంతోషమా విచారమా అని చెప్పే గాంధారాన్నీ, మెత్తదనం ఇచ్చే నిషాదాన్నీ సింథ్‌కు ఇచ్చేశాం. డిస్టార్షన్ లేని ప్యాడ్ వాటిని ఎంత శుభ్రంగానైనా పలుకుతుంది. గిటార్ మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చింది, అది విసుగే. కానీ ఆ తర్వాత ప్యాడ్ లెవెల్ తగ్గించినా వినబడింది. అంతకుముందు పెంచినా వినబడేది కాదు.

నడక

నాలుగో పాటను దగ్గరగా చూద్దాం. వేగం 104 బీపీఎం (నిమిషానికి 104 దెబ్బలు), యజమాని సింథ్. పదహారో వంతు స్వరాల ఆర్పెజియో (కార్డ్ స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి వాయించే వరస) పాట పొడవునా పరుగెడుతుంది. ఒక్కో స్వరానికి 144 మిల్లీసెకండ్లు. దాని మీద గిటార్ అరచేయి ఆనించి కొట్టే ఎనిమిదో వంతు స్వరాలు. రెండూ కలిసే ప్రతిచోటా చిన్న తడబాటు, ఒక దెబ్బ రెండు దెబ్బలుగా విడిపోయినట్టు.

ముందు అనుమానించాల్సింది చేతిని కాదు, రికార్డింగ్ సెటప్‌ను. ఆడియో ఇంటర్‌ఫేస్ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సరిగా సర్దకపోతే ప్రతి దెబ్బా ఒకే మోతాదులో వెనకబడుతుంది. ఇక్కడ అలా లేదు. తాళం మొదటి దెబ్బ గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ గీసిన సమయపు గీతలు) మీదే పడుతోంది, మధ్య దెబ్బలు 10 నుంచి 20 మిల్లీసెకండ్లు వెనక. అంటే అది చేతి స్వభావం. బరువుగా వాయించే చేయి అలాగే పోతుంది, ఆ బరువు వల్లే ఆ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) బాగుంది.

గిటార్‌ను ముక్కలు చేసి గ్రిడ్ మీద పేర్చడం తేలికే. పేర్చి చూశాం కూడా, ప్రాణం పోయింది. చివరికి మార్చింది ఆర్పెజియోను. దాని ఎటాక్ (స్వరం పూర్తి బలానికి చేరే సమయం) 2 మిల్లీసెకండ్లు ఉండేది, గిటార్ ఉన్న భాగాల్లో మాత్రం 20 చుట్టూ పెట్టాను. స్వరం సమయానికే మొదలవుతుంది, దాని మొన మాత్రం మొద్దుబారుతుంది. దెబ్బ ఎక్కడ పడిందో తేల్చుకోవడానికి చెవికి అప్పుడు మిగిలేది గిటార్ పిక్ ఒక్కటే. తడబాటు మాయమైంది. పల్లవిలో ఇంకో అడుగు వేసి ఆర్పెజియోను ఎనిమిదో వంతుకు దించేశాం.

గిటార్ యజమానిగా ఉన్న మూడు పాటల్లో పని తలకిందులు. అక్కడ క్లిక్ (తాళం చెప్పే టిక్‌టిక్) లేకుండా వాయించిన గిటార్ టేక్‌ను ముందు ఖాయం చేసి, దాన్నిబట్టి టెంపో మ్యాప్ (వేగం ఎక్కడ ఎలా మారుతుందో చెప్పే పటం) గీశాం. సింథ్‌ను నడిపే సీక్వెన్సర్ ఆ మ్యాప్‌ను అనుసరిస్తుంది. మ్యాప్ బార్ బార్‌కు (ఒక్కో తాళం ఆవర్తానికి) మాత్రమే, ప్రతి దెబ్బకూ కాదు. ప్రతి దెబ్బకూ గీస్తే సింథ్ కూడా మనిషిలా ఊగుతుంది, పాత యంత్రం వాసన పోతుంది. బార్ పొడవు గిటార్ నిర్ణయిస్తుంది, ఆ బార్ లోపల సింథ్ యంత్రంలాగే నిటారుగా నడుస్తుంది. ఈ ఒక్క పద్ధతికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

పాత యంత్రాల పరిమితులు

రెట్రో సౌండ్ కోసం చాలామంది పాత పరికరాలను అనుకరించే సాఫ్ట్‌వేర్ ప్లగిన్లు కొంటారు, వాటి పరిమితులను మాత్రం ఆఫ్ చేసేస్తారు. 1984లో వచ్చిన రోలాండ్ జూనో-106లో ఒకేసారి ఆరు స్వరాలే పలుకుతాయి. ఏడోది నొక్కితే పలుకుతున్న వాటిలో ఒకటి ఆగిపోవాల్సిందే. ఆమె వాడిన ప్లగిన్ అలాంటి యంత్రానికి నకలే, కానీ 16 స్వరాల మీద ఉంది. పొడవైన రిలీజ్ (మీట వదిలాక స్వరం ఆరిపోయే సమయం) ఉన్న ప్యాడ్‌లో ఒక కార్డ్ తోక తర్వాతి కార్డ్ మీద, అది దాని తర్వాతి దాని మీద పడి 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య బురదలా పేరుకుంది. గిటార్ ఒళ్లు కూడా అక్కడే ఉంటుంది.

ఆరుకు తగ్గించగానే ఆ బురద చాలావరకు పోయింది. తర్వాత కార్డ్‌లను మూడు స్వరాలకు కుదించుకుంది. పాత కార్డ్ మూడు, కొత్త కార్డ్ మూడు, లెక్క సరిపోయింది. ఈక్వలైజర్ ముట్టుకోకుండానే ప్యాడ్‌కు ఊపిరి వచ్చింది.

ఆ తరహా సింథ్‌లలో వినిపించే కోరస్ ఎఫెక్ట్ సంగతి కూడా చెప్పాలి. అది శబ్దాన్ని కొద్దిగా ఆలస్యం చేసే రెండు డిలే లైన్లతో పనిచేస్తుంది, ఒకటి పైకి ఊగితే రెండోది కిందికి. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వెళ్లడం వల్ల ప్యాడ్ వెడల్పుగా పరుచుకుంటుంది. రెండుసార్లు వాయించి ఎడమ కుడి అంచుల్లో పెట్టిన గిటార్లు కూడా అక్కడే కూర్చుంటాయి. ఇద్దరికీ కిటికీ సీటే కావాలి. అందుకని వంతులు పెట్టాం: చరణంలో ప్యాడ్ వెడల్పుగా, గిటార్ ఉంటే మధ్యకు దగ్గరగా. పల్లవిలో గిటార్లు అంచులకు, ప్యాడ్ దాదాపు మోనోగా మధ్యకు, 250 హెర్ట్జ్ కింద కోసేసి. పల్లవి దగ్గర పాట పెద్దదైనట్టు అనిపించడానికి సగం కారణం ఈ సీట్ల మార్పిడే. ఆ కోరస్ సర్క్యూట్ ఇచ్చే సన్నటి బుస్సు శబ్దాన్ని ప్లగిన్ కూడా నకలు చేస్తుంది. అది ఉండాలంది. రెండు పాటల మొదట్లో ఉంచాను, మిగతా చోట్ల ఆపేశాను. గిటార్ ఆంప్ బుస్సు దీనికి తోడైతే, గట్టి మెల్లని శబ్దాల తేడా తగ్గించే కంప్రెసర్ రెంటినీ పైకి లాగుతుంది.

డ్రమ్స్

డ్రమ్ శబ్దాలకు ఆమె ఎంచుకున్న నమూనా 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎం-1 తరం. అసలు డ్రమ్స్‌ను శాంపిల్ చేసి వాయించిన మొదటి డ్రమ్ మెషీన్ అది. 8 బిట్ శాంపిల్స్, 28 కిలోహెర్ట్జ్ రేటు. అంటే శాంపిల్‌లో సిసలైన వివరం 14 కిలోహెర్ట్జ్ దాకానే. అందులో క్రాష్, రైడ్ సింబల్స్ లేవు. అవి ఎక్కువసేపు మోగుతాయి, అప్పటి మెమరీలో ఇరికించడం ఖరీదైన వ్యవహారం. ఆమె మాత్రం ప్రతి పల్లవి మొదట్లో నేటి సింబల్స్ శాంపిల్ అతికించింది, రాక్ అంటే అదే అలవాటు కాబట్టి. వాటన్నిటినీ తీసేశాను. సింబల్ పోయేసరికి పైన ఖాళీ అయిన చోటు గిటార్ పిక్ కరకరకూ, గొంతులోని ఊపిరికీ దొరికింది. పల్లవి వచ్చిందని చెప్పే బాధ్యత కూడా గిటార్ మీద పడింది.

స్నేర్ గేటెడ్ రివర్బ్‌తో, అంటే గది మోత పెద్దగా లేచి ఠక్కున ఆగేలా, ఉండాలంది. ఈ శబ్దం పుట్టిన కథ చాలామందికి తెలిసిందే. 1980లో వచ్చిన పీటర్ గాబ్రియేల్ మూడో ఆల్బమ్ కోసం ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుంటే, ఇంజినీర్ హ్యూ ప్యాడ్గమ్ ఆ శబ్దాన్ని లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలోని ఎస్‌ఎస్‌ఎల్ మిక్సింగ్ కన్సోల్ లిసన్ మైక్ ద్వారా విన్నాడు. వాయిద్యకారుల మాటలు వినడానికి పెట్టిన మైక్ అది, దాని మీద విపరీతంగా నొక్కే కంప్రెసర్ ఉంటుంది. ఆ గది శబ్దాన్ని నాయిస్ గేట్‌తో ఠక్కున కోస్తే గేటెడ్ స్నేర్ తయారైంది.

మా దగ్గర డ్రమ్మర్ లేడు. స్నేర్ శాంపిల్‌ను ఖాళీ గదిలో స్పీకర్ మీద గట్టిగా మోగించి రెండు మైకులతో మళ్లీ రికార్డు చేశాం. ఆ గది ట్రాక్ మీద గట్టి కంప్రెషన్, దాని వెనక గేట్. గేట్ ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది గది ట్రాక్ కాదు, పొడి స్నేర్. నాలుగో పాటలో ఎనిమిదో వంతు స్వరం 288 మిల్లీసెకండ్లు, కాబట్టి గేట్ 260 దగ్గర పూర్తిగా మూతపడేలా పెట్టాను. తర్వాతి దెబ్బకు ముందు చిన్న నిశ్శబ్దం మిగలాలి, గేటెడ్ స్నేర్ మజా అంతా ఆ ఖాళీలోనే ఉంది. దాని అర్థం, ఆ క్షణంలో గిటార్ కూడా ఆగాలి. ఆపి ఆపి కొట్టే రిఫ్ ఉన్న పాటల్లో ఈ స్నేర్ అదిరింది. గిటార్ గోడలా సాగే మూడు పాటల్లో మాత్రం గేట్ ఉన్నా లేకపోయినా తేడా తెలియలేదు. ఎంత బతిమాలినా అక్కడ పెట్టలేదు. మామూలు గది శబ్దంతో వదిలేశాను.

బేస్ దగ్గర ఒకే విషయం. సింథ్ బేస్, బేస్ గిటార్ రెండూ ఒకే గీతను వాయిస్తున్నాయి. అడుగు సింథ్‌కు ఇచ్చి, బేస్ గిటార్‌ను 200 హెర్ట్జ్ కింద కోసి, దాని కొరుకుడు మాత్రం ఉంచాను. అయినా కిక్ డ్రమ్ ఒక దెబ్బకు లావుగా, ఇంకో దెబ్బకు బక్కగా వస్తోంది. సింథ్‌లో స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ ఆగకుండా తిరుగుతుండటం వల్ల ప్రతి స్వరం వేరే ఫేజ్‌లో (తరంగంలో వేరే చోట) మొదలై కిక్‌తో ఒకసారి కలుస్తోంది, ఒకసారి కొట్టేసుకుంటోంది. ప్రతి స్వరానికీ ఆసిలేటర్ మొదటి నుంచి మొదలయ్యేలా స్విచ్ మార్చగానే సర్దుకుంది. దీన్ని కంప్రెసర్‌తో బాగుచేయాలని చూసేవాళ్లు చాలామంది ఉంటారు. అది జరిగే పని కాదు.

గొంతు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, బాగా పాడింది. వోకోడర్ (గొంతు పలుకును సింథ్ శబ్దానికి తొడిగే ఎఫెక్ట్) పెట్టిన పాటలో మాటలు అర్థం కాలేదు. స, ష లాంటి ఊదుడు శబ్దాలకు కావాల్సిన పై ఫ్రీక్వెన్సీలు కింద మోగే సింథ్‌లో లేకపోవడమే కారణం. అసలు గొంతును 5 కిలోహెర్ట్జ్ కింద కోసి సన్నగా కలిపితే మాటలు తేలాయి.

మాస్టరింగ్, పాటల వరస

అప్పటికే చెవుల్లో 'గట్టిగా ఉండాలి' అన్న టెన్షన్ ఉంది ఆమెకు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14 లఫ్స్‌కు (చెవికి తెలిసే గట్టిదనం కొలత), ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16కు సౌండ్ సమం చేస్తాయి. మైనస్ 7 దాకా పిండి ఇచ్చినా వాళ్లు తగ్గించేస్తారు. మనకు మిగిలేది చదునైన స్నేర్. అంత శ్రమపడి గేట్ పెట్టిన స్నేర్‌ను శబ్దపు శిఖరాలను నొక్కే లిమిటర్‌కు బలివ్వడం నాకు ఇష్టం లేదు. గట్టి పాటలు మైనస్ 11 దగ్గర ఆగాయి, శిఖరం (ట్రూ పీక్) మైనస్ 1. నెమ్మది పాటలను పైకి లాగలేదు. ఆల్బమ్‌ను వరసగా వింటే స్పాటిఫై పాటల మధ్య తేడాను ఉన్నది ఉన్నట్టు ఉంచుతుంది.

వినైల్ కూడా వేయాలనుకుంది. 38 నిమిషాలంటే వైపుకు 19, ఎల్‌పీకి చక్కగా సరిపోతుంది. కానీ రికార్డు లోపలి గాళ్ల దగ్గర సూది కింద ఒక సెకనుకు సాగే దారి తక్కువ, పై ఫ్రీక్వెన్సీలు నలుగుతాయి. స కారాలు చీదరగా వస్తాయి. అందువల్ల ఒక్కో వైపు చివర వచ్చే పాట మెరుపు తక్కువ ఉన్నదై ఉండాలి. ఆమె చివరికి దాచుకున్న అతి పదునైన గిటార్ పాటను రెండో వైపు మొదటికి తెచ్చాం. డిజిటల్‌లోనూ అదే వరస ఉంచింది. అలా ఆ పాట ఆల్బమ్ నడుమకు వచ్చి, సాగుతున్నట్టున్న మధ్య భాగాన్ని లేపింది. అడుగు శబ్దాలన్నీ ముందే మోనోలో ఉన్నాయి కాబట్టి కటింగ్‌కు వేరే మిక్స్ చేయాల్సిన పని పడలేదు.

ఏది కుదిరింది, ఏది కుదరలేదు

సింథ్ యజమానిగా ఉన్న ఐదింటిలో నాలుగు నేను అనుకున్న దానికంటే బాగా వచ్చాయి. ఐదోది పరవాలేదు. దాని ట్యూనే బలహీనం, మిక్స్‌తో దాన్ని దాచలేం. గిటార్ పాటల్లో టెంపో మ్యాప్ పద్ధతి మూడింటికి మూడూ నిలబెట్టింది.

ఆరో పాట 92 బీపీఎంలో నెమ్మదిగా నడుస్తుంది. గొంతు, గిటార్‌తో వింటే ఒక పాట, గొంతు, సింథ్‌తో వింటే ఇంకో పాట. రెండూ మంచివే, కలిపితే రెండూ పాడవుతున్నాయి. ఆల్బమ్ వెర్షన్‌లో గిటార్ మొత్తం తీసేయాలన్నాను. రాక్ ఆల్బమ్‌లో గిటార్ లేని పాటేమిటని చాలా రోజులు బిగుసుకుంది. చివరికి ఒప్పుకుంది గానీ మనస్ఫూర్తిగా కాదు.

స్టేజీ మీద ఆమె ఒక్కతే. కాబట్టి మిక్స్ పూర్తయ్యాక ప్రదర్శనకు వేరే స్టెమ్స్ (ఒక్కో రకం వాద్యాలను కలిపిన ట్రాకులు) చేశాను: డ్రమ్స్ ఒకటి, బేస్ ఒకటి, సింథ్‌లు మోనోలో ఒకటి, చెవిలోకి క్లిక్ ఒకటి. గిటార్, గొంతు మాత్రం ఎప్పుడూ ట్రాక్‌లో ఉండకూడదని ముందే అనుకున్నాం. చేతులు ఆగినా గిటార్ మోగుతుంటే ఎదురుగా ఉన్నవాళ్లు వెంటనే పట్టేస్తారు. టెంపో మ్యాప్ ఉన్న పాటల్లో క్లిక్ కూడా ఆ మ్యాప్ ప్రకారమే ఊగుతుంది. సొంత పాత టేక్‌ను తానే అనుసరించడం మొదట్లో ఇబ్బంది పెట్టింది, సాధనతో అలవాటైంది. ఆరో పాటకు ప్యాడ్ తీసేసిన స్టెమ్ కావాలని విడిగా అడిగింది, అక్కడ గిటార్ వాయిస్తుందట. చేసి ఇచ్చాను. సాధనలో రికార్డు చేసి పంపింది కూడా, విన్నాను. ఆల్బమ్‌లో గిటార్ లేకపోవడమే సరైనదని నేను ఇప్పటికీ అంటున్నాను, ఆమె ఇప్పటికీ కాదంటోంది.